మార్తమ్మ తాగని నీళ్లు

మొన్న దర్శి బస్టాండు పక్కన మెకానిక్ షెడ్డు ముందు నిలబడితే కాలిన ఆయిలు వాసన గుప్పుమంది. ఇన్నేళ్లయినా ఆ వాసన నన్ను పుల్లలచెరువు వైపు, మా ఊరి వాగులోకి ఈడ్చుకుపోతుంది. అక్కడ మార్తమ్మ పెద్దమ్మ నడుం వంచి ఇసుక ఎత్తుతూ ఉంటుంది.

ఆమె కూలి ముఠాకు మేస్త్రి. నేను కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరిన సూపర్‌వైజర్ని, చొక్కా నలగనివ్వని రకం. ఎగువన ఫ్యాక్టరీ ట్యాంకు పగిలి ఆయిలంతా వాగులోకి దిగింది. దాన్ని శుభ్రం చేయడం మా పని. ఆ ఇసుకలో తవ్వుకునే చెలమలే మా ఊరికి తాగునీళ్లు, మనుషులకైనా గొర్రెలకైనా. చెలమ తవ్వినవాళ్లు ముందు ఒక దోసెడు తాగాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు బిందెలు ముంచుతారు. అది మా పద్ధతి.

పని తొందరగా తెమలాలని నేను జేసీబీతో ఇసుకంతా తిరగేయించాను. సాయంత్రానికి వాగు తెల్లగా మెరిసింది. మురిసిపోయాను. పెద్దమ్మ మోచేతి లోతు గుంట తీసి, నల్లబడిన చేతిని నా ముందు పెట్టింది.

"ఏంది నాయనా ఇది? ఆయిలు తీసినావా, పూడ్చిపెట్టినావా?"

"పైకి బాగానే ఉంది కదా పెద్దమ్మా!"

"మనం తాగేది అడుగు నీళ్లు గదా."

రోషమొచ్చింది నాకు. అయినా మర్నాటి నుంచి పని ఆమె చెప్పినట్టే నడిచింది. ముఠా అంతా పారలతో పొరలు పొరలుగా గీకి, నల్ల ఇసుకను గంపలతో గట్టుకు మోశారు. నేను కలిపేసినదాన్ని విడదీయడానికి ఆ ఆడవాళ్ల గోళ్లు అరిగిపోయాయి.

సగం పని కూడా కాకముందే వాగు బాగైందో లేదో చూడటానికి సర్కారు ఆఫీసరు వచ్చాడు. చెలమ తవ్వి, తాగి చూపించమని కాంట్రాక్టరు పెద్దమ్మకు చెప్పాడు. ఆమె తవ్వింది. దోసిట పట్టి, వాసన చూసి, వదిలేసింది.

"నేను తాగను సారూ. నేను తాగితే ఊరంతా తాగుతాది."

ముసల్దాని చాదస్తమని కాంట్రాక్టరు నవ్వేశాడు. ఆఫీసరు జీపెక్కాడు. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. నేను పక్కనే ఉండి, కాంట్రాక్టరు చాపిన కాగితం మీద సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. పోతూ పోతూ ఆమె నా దగ్గర ఆగింది.

"వాగు బాగైందని రాసిచ్చినావా నాయనా?"

"ఇచ్చినా పెద్దమ్మా."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రెండు ఎండాకాలాలు ట్యాంకరు నీళ్ల కోసం వరుసలో నిలబడి, ఆ తర్వాత ఆమె చనిపోయింది. ఇప్పుడు ఏ పనైనా పూర్తయిందని సంతకం పెట్టే ముందు నేనే దిగి గుంట తీసి చూస్తాను. నా జాగ్రత్తను కుర్ర ఇంజనీర్లు మెచ్చుకుంటారు. మా వాగులో మాత్రం ఈనాటికీ ఎవరూ చెలమ తవ్వడం లేదు.