కరుణమ్మ మేడం ముట్టుకోని బండ

నల్ల కడప బండ మీద లేజరు నడుస్తుంటే సన్నగా ఒక కూత వస్తుంది. దానితోపాటు తడిసిన సున్నం లాంటి వాసన. ఈ రోజు పొద్దున కల్లూరులోని మా షెడ్డులో ఒక పనికిరాని ముక్క మీద పరీక్ష చేస్తుంటే ఆ కూత విని చేయి ఆగిపోయింది. "చెవి పెట్టి విను శెట్టీ, రాయి పాడతాండాది" అనేవారు కరుణమ్మ మేడం. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ముందు ఆమె మీద కోపం వస్తుంది, ఆ తర్వాతే ఏడుపు.

మేడం వేంపల్లె దగ్గర బండల గనిలో కూలి చేసిన దేవదానం గారి కూతురు. కర్నూలు కాలేజీలో ఫిజిక్సు చెప్పి, రిటైరయ్యాక ఈ షెడ్డు వేసి సొంతంగా లేజరు కట్టడం మొదలుపెట్టారు. నేను రాజంపేటలో బట్టల అంగడివాళ్ల అబ్బాయిని. ఆమె దగ్గర చదువుకుని, అంగడి వదిలేసి ఆమె వెంటే పనికి వచ్చాను. ఈ వయసులో ఈమెకిదేం పిచ్చని అందరూ నవ్వారు. ఆమె కోరిక చూస్తే ఇంతే. వాళ్ల నాయన తన సమాధి కోసం తన చేత్తోనే కొట్టి పెట్టుకున్న బండ ఒకటుంది. దాని మీద ఆయన పేరు రాయాలి. కడప బండ పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెడితే పెచ్చులు లేస్తుంది, మామూలు లేజరు పెడితే వేడికి చిట్లుతుంది. అందుకే ఆయన సమాధి మీద పేరే లేదు. బండేమో గోనెపట్ట కప్పుకుని మా షెడ్డు మూల ఉండిపోయింది.

"మరి మనది మాత్రం చిట్లదా మేడం?" అని మొదట్లోనే అడిగాను.

"దీపం మంటలో వేలు గబుక్కున తిప్పి తీస్తే కాలుతుందా? అట్లనే ఇదీ. వేడి పక్కకు పాకేలోపల పని అయిపోవాల. అంత పొట్టి వెలుగు కావాల మనకు."

ఆ పొట్టి వెలుగు కోసం మేం పడని పాట్లు లేవు. వెంట్రుకంత సన్నటి గాజు తీగను చుట్టలు చుట్టి అందులో వెలుగును తిప్పేవాళ్లం. కంటికి కనపడని వెలుగే అయినా అందులోనూ ఎన్నో రంగులుంటాయి, దేని లయ దానిదే. మేడం నవ్వుతూ చెప్పేవారు: "చర్చిలో ఎవరి ప్రార్థన వాళ్లు గొణుగుతాంటే ఒకటే రొద. ఒక్కతూరి అందరూ ఆమెన్ అంటే, అదీ పల్సు, మనకు కావాల్సిన పొట్టి వెలుగు." గట్టి వెలుగును పోనిచ్చి, నీరసమైనదాన్ని ఆపే ఏర్పాటు ఆ చుట్టలోనే ఉంటుంది. తిరిగిన ప్రతిసారీ పల్సు కొనలు అరిగి నడుమ గట్టిపడుతుంది. దానికి అలాగే బలం పోస్తే తీగే కాలిపోతుంది. అందుకని ముందు దాన్ని సాగదీసి, బలం పోసి, చివర మళ్లీ దగ్గరికి నొక్కాలి.

అన్నిటికన్నా కష్టం చేయి తీయడం. తీగ చుట్టిన మూడు చిన్న రేకులను కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఎక్కడో ఒకచోట పల్సు కుదురుతుంది. నేనేమో ఇంకా బాగు చేద్దామని మళ్లీ తిప్పేవాణ్ణి, అది కాస్తా చెదిరిపోయేది. "చెయ్యి తీయప్పా! కుదిరినాక గూడా కెలికితే ఎట్ల?" అని కసిరేవారు. నాకు ఓర్పు అంటూ ఏదైనా ఉంటే అది ఆ కసురుళ్లతో వచ్చిందే.

ఒక వానాకాలం రోజు పల్సు పొద్దుటినుంచి సాయంత్రం దాకా చెదరలేదు. పక్కన ఉన్న ముక్క మీద అక్షరాలు చక్కగా పడ్డాయి, ఒక్క పెచ్చు లేవలేదు. నేను గంతులేశాను. "బండ ఎత్తుకొస్తా మేడం, ఇప్పుడే రాసేద్దాం!"

ఆమె మూలకు చూసి ముఖం తిప్పుకున్నారు. "ఉండు శెట్టీ, ఇంకొంచెం కుదురుకోనీ. ఇది చెడితే నాయన కొట్టిన బండ మళ్లా యాడ తెస్తావు?"

ఆ "ఇంకొంచెం" నెలలు సాగింది. ఒకసారి ఉండబట్టలేక, "మీరు పల్సు కోసం చూస్తాండారా, ధైర్యం కోసమా?" అనేశాను. ఆమె టీ పెట్టడానికి లేచారు. ఆ చలికాలంలోనే ఒక ఉదయం గుండె ఆగి పోయారు. అయ్యో, ఒక్క పూట పని! కళ్లారా చూసుకుని పోయేవారు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇప్పుడు లేజరు నా చేతిలో ఉంది. మధ్యాహ్నం ఆమె తమ్ముడు యోహానన్న వచ్చాడు. "నాయన పేరు కింద అక్క పేరు గూడా రాయప్పా, ఆ బండ మీదనే. నీ చెయ్యే పడాల" అన్నాడు.

గోనెపట్ట వైపు చూశాను. "పల్సు ఇంకా కుదురుకోలేదన్నా. వచ్చే వారం చూద్దాం" అన్నాను.

ఆయన నమ్మి, తలూపి వెళ్లిపోయాడు. లేజరు పక్కన పల్సులు చూపే తెర మీద అవి పొద్దుటినుంచీ ఒక్కటి కూడా తప్పకుండా వరుసగా నిలబడి ఉన్నాయి.