వికారాబాదు పందెంలో మా పెళ్లి గుర్రం

శనివారం ఉదయం ఏడున్నరకు లింగంపల్లిలో తాండూరు వైపు వెళ్లే రైలెక్కాను. ఈ ప్రయాణానికి మూలం ఎప్పుడో ఊటీలో తీయించుకున్న ఒక ఫోటో. అందులో నేను గుర్రం మీద దర్జాగా కూర్చుని నవ్వుతుంటాను. కళ్లెం పట్టుకున్న మనిషి ఫోటోలో పడలేదు. దాంతో నాకు గుర్రపు స్వారీ వచ్చని అత్తగారింట్లో అందరూ నమ్మేశారు. ఉచితంగా వచ్చిన పేరును వద్దనడానికి నాకూ నోరు రాలేదు.

నన్ను పిలిచింది మా ఆయన అక్క, విజయ వదిన. తాండూరు దగ్గర బండల గనులున్న ఒక ఊరి బడిలో టీచరు. "సరితా, వికారాబాదుల ఒక పందెమున్నది. ఇద్దరు మనుషులు, ఒక గుర్రం. నీకు సవారి వచ్చు, నాకు ఉరుకుడు వచ్చు. ఏం ఫికర్ చెయ్యకు, రా" అంది ఫోనులో. వదిన బస్సు కోసం పరుగెత్తడం కూడా నేనెన్నడూ చూడలేదు. అయినా సరేనన్నాను.

ఎందుకంటే ఆమె చెప్పిన కారణం అలాంటిది. ఆ బడి ఏడో తరగతితో సరి. ఎనిమిదిలో చేరాలంటే పక్కూరికి, బండల లారీలు తిరిగే రోడ్డు వెంట నడవాలి. ఆ భయానికి తల్లిదండ్రులు ఆడపిల్లలను మాన్పించేస్తున్నారు. వదినకు ప్రాణమైన మౌనిక అనే పిల్ల కూడా ఈ ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. పందెం పెట్టిన స్వచ్ఛంద సంస్థవారి మాట ఏమిటంటే, మధ్యాహ్నం పన్నెండులోగా ఇద్దరు మనుషులూ గుర్రమూ గీత దాటితే చాలు, ఆ జట్టు కోరిన సాయం ఎవరో ఒక దాత చేస్తాడు. గెలవనక్కర్లేదు. వదిన కోరింది పిల్లల కోసం ఒక వ్యాను.

రైల్లో పక్కసీటు పెద్దమ్మ నాకు వేయించిన పల్లీలు పెట్టి మరీ ఆరా తీసింది.

"గుర్రప్పందెమా! గెలిస్తె గుర్రమిస్తరా?"

"ఇవ్వరు పెద్దమ్మా."

"మరి కింద పడితె దవాఖాన ఖర్చులిస్తరా?"

అది నేను అడగలేదు. శంకర్‌పల్లి దాకా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

తాండూరులో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. వదిన ఇంట్లో జొన్నరొట్టె, కందిపప్పు. ఈ ఊరి కందిపప్పు తిన్నాక పరుగెత్తాలనే కోరిక ఎవరికీ మిగలదు కాబట్టి, ఈ పందేనికి వెళ్లదలచిన వారు పప్పు తిరుగు ప్రయాణానికి అట్టిపెట్టుకోండి. సాయంత్రం గుర్రాన్ని చూడటానికి వెళ్లాం. పేరు చాందిని. తెల్లగా, నెమ్మదిగా ఉంది. బారాత్‌లలో పెళ్లికొడుకులను మోయడం దాని వృత్తి. యజమాని రహీం చాచా పైసా తీసుకోకుండా ఇస్తానన్నాడు.

ఆదివారం తెల్లవారి గుర్రంతో సహా డీసీఎం వ్యానులో బయలుదేరాం. చాందిని నిండా జరీ గుడ్డ, మువ్వలు, నెత్తి మీద ఎర్ర తురాయి. "ఇవన్నీ తీసేయండి చాచా, ఇది పందెం" అన్నాను. చాచా నొచ్చుకున్నాడు. "బయటికి గిట్ల బోడిగ పంపితె నా ఇజ్జత్ పోతదమ్మా! ఈ సింగారం లేకుంట చాందిని గడప దాటలే ఎన్నడు." ఇజ్జత్ మాటకు మేం ఎదురు చెప్పలేకపోయాం.

వికారాబాదులో ఇడ్లీ తిని, తొమ్మిదింటికి అనంతగిరి గుట్ట కింద వరసలో నిలబడ్డాం. చాచా బండితో పందెం ముగిసే చోటికి ముందే వెళ్లిపోయాడు. మిగతా జట్లన్నీ హైదరాబాదువి. వాళ్ల గుర్రాలు మా ఇంటి తలుపంత ఎత్తు. మా చాందినిని చూసి ఒకతను "పెళ్లెవరిది?" అని అడిగాడు కూడా. పందెం పద్ధతి తేలికే. ఒకరు గుర్రం మీద ముందుకు వెళ్లి, దాన్ని చెట్టుకు కట్టేసి, అక్కడినుంచి పరుగెత్తాలి. వెనక పరుగెత్తుతూ వచ్చిన రెండోవారు దాన్ని విప్పుకుని ఎక్కాలి. ఇలా మారుతూ ఊరి అవతలి మైదానం దాకా చేరాలి.

మొదట నేనెక్కాను. అందరూ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయారు. చాందిని మాత్రం పది అడుగులు వేసి ఆగింది, మళ్లీ పది వేసి మళ్లీ ఆగింది. వదిన నడుస్తూనే నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి "ఊటీల గిట్లనే నడిపినవా?" అంది. నేను వినపడనట్టు గుట్ట కేసి చూశాను. పదిన్నరకు ఒక వాలు దగ్గర చాందిని కాస్త వేగం పుంజుకుంది. వదినను దాటి, ఒక పందిరి వేసిన ఇంటి ముందున్న కానుగ చెట్టుకు దాన్ని కట్టేసి నా పరుగు మొదలుపెట్టాను. నీడ చూశానే తప్ప పందిరి సంగతి పట్టించుకోలేదు.

కొంతదూరం పోయి ఆయాసం తీర్చుకోవడానికి ఆగితే వెనకనుంచి బ్యాండు వినిపించింది. బారాత్ వస్తోంది. పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఊరేగింపు బాగుంది, గుర్రం మరీ బాగుంది, బ్యాండుకు తగ్గట్టు కాళ్లాడిస్తోంది. నేనూ చప్పట్లు కొట్టాను. అప్పుడు కనబడింది, ఆ గుర్రం పక్కనే అరుస్తూ వస్తున్న మా వదిన.

సంగతేమిటంటే, అది పెళ్లివారి విడిది ఇల్లు. వాళ్లు మాట్లాడుకున్న గుర్రం ఇంకా పరిగి ఊరి దగ్గరే ఉందట. ముస్తాబైన గుర్రం గుమ్మం ముందే కట్టేసి ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? పెళ్లికొడుకును ఎక్కించేశారు.

"దిగు నాయనా అంటె దిగడు సరితా!" అని వదిన మొత్తుకుంది. పెళ్లికొడుకు మేనమామ తలపాగా సర్దుకుంటూ, "గుర్రమెక్కిన పెండ్లికొడుకును నడుమల దింపుతరా అక్కా? అపశకునం. మండపం కాడనే దిగాలె" అన్నాడు. టైము పదకొండు దాటింది. ముందు యువకులు రోడ్డు మీద దొర్లి మరీ ఆడుతున్నారు. మండపం కిలోమీటరు దూరంలో ఉంది. నాకు ఏడుపొచ్చింది. వదిన మాత్రం బ్యాండు ఆపించి, మేనమామ ఎదుట నిలబడి మౌనిక సంగతి, లారీల సంగతి, పన్నెండింటి సంగతి ఒక్క గుక్కలో చెప్పింది.

ఆయన ముఖం మారిపోయింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా టీచరమ్మా!" అని, ఆడేవాళ్ల వైపు తిరిగి, "ఆడింది సాలుగని ఉరకున్రి!" అని కేకేశాడు. అలా పరుగెత్తిన బారాత్‌ను వికారాబాదు అంతకుముందు చూసి ఉండదు.

మండపం దగ్గర హారతిచ్చి పెళ్లికొడుకును దింపారు. వదిన కుర్చీ వేసుకుని ఎక్కింది. చాందిని కదలలేదు. బతిమాలాం, అదిలించాం, బెల్లం చూపించాం. ఊహూఁ. ఎవరో ఊరికే డప్పు మీద ఒక్క దెబ్బ వేశారు, రెండడుగులు వేసింది. డప్పు ఆగితే తనూ ఆగింది. మాకు అప్పుడు తెలిసొచ్చింది, అది కళ్లేనికి కాదు, బ్యాండుకు నడిచే గుర్రమని.

మేనమామ ఇక ఆలోచించలేదు. బ్యాండువాళ్లను ట్రాలీ ఆటో ఎక్కించి "దంచున్రి!" అన్నాడు. ఆటో ముందు, దాని వెనక చాందిని, దాని మీద కళ్లు గట్టిగా మూసుకున్న వదిన. వాళ్లు మైదానం చేరి గీత దాటడం వెనక పరుగెత్తుతూ దూరంనుంచి చూశాను. అయితే నియమం ప్రకారం నేనూ దాటాలి కదా. చూస్తే ఐదు నిమిషాలు కూడా లేవు. కాళ్లు నావి కావు, ఊపిరి అసలే లేదు. "సరితా, ఉరుకే! మౌనికకు వ్యాను రావాలె, ఉరుకే!" అని వదిన అటునుంచి అరుస్తోంది. ఉరికాను. గీత మీద బోర్లా పడ్డాను. ఆఖరి జట్టు మాదే. గడువులోగా చేరారని సంస్థ పెద్దాయన ప్రకటించగానే వదిన నన్ను అక్కడే మట్టిలో కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పెళ్లిభోజనం తినకుండా వెళ్లనివ్వలేదు మేనమామ. సాయంత్రం వికారాబాదు స్టేషన్‌లో రైలెక్కితే సీటు దొరికింది కాని కూర్చోవడం కుదరలేదు. గుర్రమెక్కిన వారికి ఆ కారణం చెప్పనక్కర్లేదు. నిలబడే ఉన్నాను.

లింగంపల్లి వస్తుందనగా వదిన ఫోను చేసింది.

"మౌనిక అమ్మొచ్చింది సరితా. వ్యాను రానీకి ఇంక నెల పడతదని చెప్పిన. 'అప్పటిదాక ఎందుకు ఆగుడు టీచరమ్మా? నా బిడ్డ కోసం మీరు గుర్రమెక్కి ఉరికిన్రు, నేను తోడు నడువలేనా? రేపటిసంది నేనే తోలుకపోత' అన్నది."