గడ్డం తాత గడ్డం

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది, గడ్డం లేనిదే గొప్ప ఫోటో లేదని. ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తొంభైల్లో విజయవాడ ఏలూరు రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరిచి అమ్మేవాళ్ళ దగ్గర విదేశీ ఫోటోగ్రఫీ పత్రికలు దొరికేవి (అట్ట చిరిగి ఉంటే ఇంకా చవక). నేనప్పుడు ఒక మేడ మీద నడిచే ఫోటోగ్రఫీ కోర్సులో చదువుకునేవాణ్ణి. ఆ పత్రికల్లో ఏ పేజీ తిప్పినా నలుపు తెలుపుల్లో ఒక ముసలాయన ఉండేవాడు. నుదుటి మీద ముడతలు, లోతైన కళ్ళు, ఏ వెంట్రుకకి ఆ వెంట్రుక విడిగా కనపడే గడ్డం. ఆ ఫోటోలు తీసిన మహానుభావుల పేర్లు నాకు సరిగా పలకడం కూడా రాదు గానీ, వాళ్ళంతా నా గురువులేనని చెప్పుకు తిరిగేవాణ్ణి. వాళ్ళు మెడకి మఫ్లర్ చుట్టుకునేవారు కాబట్టి నేనూ చుట్టుకున్నాను, బెజవాడ ఎండల్లో. గొంతు నొప్పా బాబూ అని అడగని మనిషి లేడు.

మా నాన్నకి వన్ టౌన్‌లో ఇనప సామాన్ల కొట్టు. ఆయనకి నా గురువుల మీద గానీ, మఫ్లర్ మీద గానీ ఏమాత్రం గౌరవం లేదు. "కోర్సు చివర మీ ఫోటోలు గోడకి తగిలిస్తారంటగా. నీ ఫోటో ముందు నలుగురు మనుషులు ఆగితే నీ దారి నీది. ఆగలేదా, మర్నాటి నుంచి తాళంచెవులు పుచ్చుకుని కొట్టు తెరువు" అన్నాడు. ఆ ప్రదర్శనలో ఒక్కొక్కరిది ఒక్క ఫోటోయే. అంటే నా బతుకు మొత్తం ఒక్క ఫోటో మీద, అంటే ఒక్క గడ్డం మీద ఆధారపడి ఉంది.

ఆ గడ్డం మా వీధిలోనే ఉంది. గుణదలలో మేం అద్దెకుండే ఇంటికి నాలుగిళ్ళ అవతల రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన కూతురి దగ్గర ఉండేవారు. ఆయన అసలు పేరు కూతురికీ, చర్చి ఫాదర్ గారికీ తప్ప ఎవరికీ తెలియదు. వీధంతా గడ్డం తాత అనే పిలిచేది. పొద్దున పూట వరండాలో కూర్చున్నప్పుడు ఆ తెల్లటి గడ్డం మీద ఎండ పడిందంటే, సైకిల్ మీద వెళ్తున్నవాణ్ణి కాస్తా బ్రేకు వేసేవాణ్ణి. అడిగేస్తే పోయేదానికి, పత్రికలో చదివిన ఒక సలహా అడ్డొచ్చింది (డిక్షనరీ పక్కన పెట్టుకుని మరీ చదివాను). ఎదుటి మనిషి ముఖంలో నీకేం నచ్చిందో చెప్పొద్దు, చెబితే వాళ్ళు సర్దుకుని కూర్చుంటారు, ఫోటోలో జీవం పోతుంది, అని. అందుకని ఎంతో తెలివిగా వెళ్ళి, "తాతగారూ, రేపు పొద్దున్నే మీ ఫోటో తీస్తానండీ" అన్నాను.

"నాదా? నాదెందుకు బాబూ?"

"ఊరికేనండీ. మీరు ఎట్టా ఉన్నారో అట్టాగే ఉండండి. ఏం మార్చొద్దు."

"అట్టాగే, అట్టాగే" అంటూ గడ్డం నిమురుకున్నారు. ఆ నిమురుకోవడం వెనక ఏదో ఆలోచన నడుస్తోందని నాకు తట్టలేదు.

మర్నాడు కోర్సువాళ్ళ కెమెరా భుజాన వేసుకుని వెళ్ళేసరికి వరండాలో కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద కోటు, చేతికి వాచీ, ముఖాన పౌడరు, నూనె రాసి అణిచి దువ్విన తల. తాతగారు లేరాండీ అని అడగబోయి ఆగిపోయాను. ఆయన ముఖం పైసగం నల్లగా, కింది సగం తెల్లగా ఉంది. ఏడాదంతా గోడకి వేలాడిన క్యాలెండర్ తీసేస్తే ఆ మేర గోడ తెల్లగా ఉంటుందే, అట్లా.

"గడ్డమేదండీ?" అన్నాను.

"తీయించేశా బాబూ."

"ఎందుకండీ!"

"అదేంటి? ఫోటో కదా!" అన్నారాయన. ఇంత చదువుకుని ఈ మాత్రం తెలియదా అన్నట్టు నా వంక చూశారు కూడా.

లోపల్నుంచి కాఫీ తెచ్చిన వాళ్ళమ్మాయి (మాకందరికీ టీచరక్క) ఆయన్ని చూసి తల కొట్టుకుంది. "నా పెళ్ళికి తీయించుకో నాన్నా అని కాళ్ళావేళ్ళా పడితే తీయించుకోలేదు బాబూ. నువ్వు ఫోటో అనేసరికి ఇంకా సెలూను తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ కోటు మా ఆయనది."

ప్రదర్శన రెండు రోజుల్లోకొచ్చింది. అంతలో గడ్డం పెరగదు. నాకు ఏడుపొచ్చేసింది. అయినా పట్టు వదలకుండా వన్ టౌన్ దాకా సైకిల్ తొక్కి, నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్లో తెల్లగడ్డం అడిగాను. ఉన్నది ఒక్కటే, ముని వేషానిది, బొడ్డు దాకా ఉంది. అదే తీసుకొచ్చాను. పాపం తాతగారు, నా ముఖం చూసి జాలిపడి కాదనలేదు. కోటు మీద ఆ గడ్డం తగిలించుకుని కూర్చుంటే, పక్కింటివాళ్ళు ప్రహరీ గోడ మీంచి తొంగిచూడటం మొదలెట్టారు. టీచరక్క నవ్వాపుకుంటూ అద్దం తెచ్చి ఎదురుగా పట్టుకుంది. తాతగారు అందులోకి ఒక్క క్షణం గంభీరంగా చూశారు. ఆ తర్వాత నవ్వారు. అలాంటి ఇలాంటి నవ్వు కాదు, ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా, కుర్చీతో సహా ఊగిపోతూ నవ్వారు. ఆ ఊపుకి గడ్డం ఊడి ఒక చెవికి వేలాడింది. అదీ పోయిందనే దుఃఖంలో నేను బటన్ నొక్కేశాను. వేరే ఫోటో ఏదీ కుదరలేదు కాబట్టి, అదే పెద్దది చేయించి తీసుకెళ్ళాను.

ప్రదర్శన నాడు హాల్లోకి అడుగుపెట్టి కొయ్యబారిపోయాను. గోడ నిండా గడ్డాలే. ముడతలు, లోతైన కళ్ళు, వెనక చీకటి. మా క్లాసులో అందరూ ఏలూరు రోడ్డు మీద అవే పత్రికలు కొన్నారన్న సంగతి నాకప్పుడు తెలిసింది (ఇద్దరైతే ఒకే గడ్డాన్ని చెరోవైపు నుంచీ తీశారు). ఆ గంభీరమైన గడ్డాల మధ్య, ఒంటిచెవికి గడ్డం వేలాడేసుకుని మా తాతగారు పగలబడి నవ్వుతున్నారు. జనం గోడ పొడవునా బుద్ధిగా నడుచుకుంటూ వచ్చి, అక్కడికి రాగానే ఆగి నవ్వుతున్నారు. మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "క్లాసు మొత్తాన్ని భలే ఎగతాళి చేశావురా. ఇది ఎవర్ని చూసి తీశావు?" అని అడిగారు.

"ఎవర్నీ చూసి కాదండీ, ఏడుపొచ్చి తీశాను" అన్నాను.

మా నాన్న సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చాడు. మొదటి నుంచీ చూసుకుంటూ, "వీళ్ళెవరికీ సెలూను అందుబాటులో లేదా?" అని గొణుక్కుంటూ నా ఫోటో దగ్గరికొచ్చాడు. వచ్చి ఆగాడు. నలుగురి లెక్క ఎప్పుడో దాటిపోయింది గానీ, నేను లెక్కేసుకుంది మాత్రం ఆయన్నే. మా నాన్న భుజాలు కదిలేలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. తాళంచెవుల మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సంతోషం నాకింకా అలాగే ఉంది.

ఇన్నేళ్ళకి నాకూ సొంత స్టూడియో ఉంది. బద్ధకం వల్ల పెరిగిన నెరిసిన గడ్డమూ ఉంది. మొన్నామధ్య ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి వచ్చి మొహమాటంగా నిలబడింది. మెడకి స్కార్ఫ్ చుట్టుకుంది, రోహిణి కార్తెలో. "సార్, రేపు పొద్దున మీ పోర్ట్రెయిట్ తీసుకోవచ్చాండీ? మీరు ఎలా ఉన్నారో అలాగే ఉండండి సార్, ఏం మార్చొద్దు" అంది. నాకు ముంచుకొచ్చిన నవ్వు పెదవుల దగ్గరే ఆపుకుని సరేనమ్మా అన్నాను. ఆ పిల్లకి ఏం కావాలో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఎవర్ని చూసి నేర్చుకుంటోందో కూడా తెలుసు.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి కెమెరాతో గుమ్మంలోకొచ్చి, నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాచీ పెట్టుకుని, తల దువ్వుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాను. ఫ్యాన్ గాలి తగిలి చెంపలు హాయిగా ఉన్నాయి.

"సార్... గడ్డం?" అంది నీరసంగా.

"అదేంటమ్మా, ఫోటో కదా!" అన్నాను.