మందు డబ్బాలో జావ

ఈ రోజు మధ్యాహ్నం మా మిరప చేలో కూలీలు అన్నాలకు కూర్చున్నారు. దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె నుంచి కోతకు వచ్చే ముత్తమ్మ, మూడేళ్ల కూతురికి ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బాలోంచి జావ పోస్తోంది. లేబుల్ సగం ఊడిపోయింది కానీ ఎర్ర గుర్తు కనిపిస్తూనే ఉంది. పురుగుమందు డబ్బా!

గిన్నె లాగేసుకున్నాను. పిల్ల ఏడుపు అందుకుంది.

"ఇదెక్కడిది ముత్తమ్మా? పిల్లకు ఇందులోనా పోసేది?" అని అరిచాను.

"మీరే ఇచ్చిండ్రు గదక్కా, పోయినేడు. సబ్బు బెట్టి మూడుసార్లు కడిగిన. వాసన గూడ రాదు. మూత గట్టిగుంటది, తొవ్వల జావ ఒలకదు" అంది.

నిజమే, నేనే ఇచ్చాను. ఏదో ఉపకారం చేస్తున్నట్టు పిలిచి మరీ ఇచ్చాను. పిల్లకు తరచూ కడుపునొప్పి అంటే నులిపురుగుల మాత్ర తెప్పించిందీ నేనే.

నా స్టీలు క్యాన్ ఆమెకిచ్చి, ఆ డబ్బాను కొడవలితో చీల్చేశాను.

"మంచి డబ్బా పాడు జేస్తిరి గదక్కా" అని ముత్తమ్మ నొచ్చుకుంది.

రేపు పిల్లను దవాఖానాకు తీసుకెళ్తున్నాను. ఇన్నేళ్లలో ఇంకా ఎవరెవరికి ఇచ్చానో సాయంత్రం నుంచి గుర్తు చేసుకుంటున్నాను. అందరూ గుర్తు రావడం లేదు.

మీరూ చెప్పండి, మీ చేలల్లో ఖాళీ అయిన మందు డబ్బాలు ఎవరి ఇళ్లకు చేరుతున్నాయి?

మా వంటింటి గడప మాత్రం నేను ఒక్క డబ్బానూ దాటనివ్వలేదు.