బ్రహ్మం సేటు పది నిమిషాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో బ్రహ్మం సేటు చీరల షాపు కంప్యూటర్లను శేఖర్ చూసుకోబట్టి ఆరేళ్లు. ఇంకా టెంపరరీయే. అడిగినప్పుడల్లా సేటు హాజరు లెక్క తీసి, "నీ లేట్ మార్కులు జూడు. పర్మనెంట్ ఎట్ల జేయాలె?" అంటాడు.

ఆ మార్కుల కథ శేఖర్‌కు తెలియనిదేం కాదు. వేలిముద్ర మిషన్ సర్వర్ గడియారాన్ని బట్టి నడుస్తుంది. పనివాళ్లు తొందరగా రావాలని సేటు ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు జరిపించాడు. జరిపిన మహానుభావుడు శేఖరే. ఇప్పుడు రోజూ తన వేలు కూడా అందులోనే పెట్టాలి, పాపం.

సేటు తమ్ముడు నరేష్‌కుమార్‌కు ఎల్బీనగర్‌లో వేరే షాపు, వేరే సర్వర్. పోచంపల్లి మగ్గాల మధ్య కలిసి పెరిగిన అన్నదమ్ములు ఆరేళ్ల కింద వాటాల దగ్గర మాటలు మానేశారు. ఒకరి స్టాకు ఇంకొకరికి కనిపిస్తే ఇద్దరికీ లాభమని ఆడిటర్ చెప్పాక, మాట్లాడుకునేది సర్వర్లే కదా అని ఒప్పుకున్నారు.

"రెండు షాపుల నడుమ లైన్ ఏసిండ్రు సేటూ. ఇగ రెండు సర్వర్ల నడుమ ట్రస్ట్ పెట్టాలె," అన్నాడు శేఖర్.

"ట్రస్టా? ట్యాక్స్ తగ్గుతదా?"

"గా ట్రస్ట్ గాదు. ఒకదాన్నొకటి నమ్ముడు."

సేటు మొహం మాడ్చుకున్నాడు. "వాడు నన్ను నమ్మాలె. నేనెందుకు నమ్మాలె? సరే, శుక్రారంలోపు పెట్టు, పర్మనెంట్ జేస్త. లేకుంటే ఇంకోన్ని జూస్కుంట."

శేఖర్ భార్య సంధ్యారాణి ఆ ఎల్బీనగర్ షాపులోనే పట్టుచీరల కౌంటర్‌లో ఉంటుంది. ఆమెకు ఇంతవరకు ఒక్క లేట్ మార్కూ లేదు. ఈ సంగతి మొగుడికి రోజూ అన్నంతోపాటు వడ్డిస్తుంది.

రెండు రోజులు ట్రస్ట్ కుదరలేదు. శేఖర్ లైన్ వేసినవాళ్లను తిట్టాడు. కేబుల్ ఎక్కడ తెగిందోనని కొత్తపేట దాకా బండి మీద వెతికాడు. గురువారం మధ్యాహ్నం తెర మీది ఎర్ర అక్షరాలను చివరిదాకా చదివే పుణ్యం కట్టుకున్నాడు. రెండు గడియారాలకు ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే నమ్మకం కుదరదట. తల బాదుకుని తమ సర్వర్ టైం సరిచేశాడు. క్షణంలో ట్రస్ట్ నిలబడింది.

శుక్రవారం పొద్దున షాపులో ఒక్కరికీ లేట్ పడలేదు. సేటు పరేషాన్ అయ్యాడు. "ఏందిరా, అందరు ఒక్కనాడే బుద్ధిమంతులైండ్రు?"

శేఖర్ ఉన్నమాట చెప్పాడు. "మల్ల ముందుకు జరిపితే ట్రస్ట్ పోతది సేటూ. రెండు దిక్కుల టైం ఒక్కతీరుండాలె."

సేటు ఆరేళ్ల తర్వాత తమ్ముడికి తనే ఫోన్ చేశాడు. "అరే నరేషూ, నీ గడియారం గూడ పది నిమిషాలు ముందుకు పెట్టిద్దాం. పనోళ్లు జల్ది ఒస్తరు."

తమ్ముడు ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. తోడబుట్టినవాళ్ల మనసులు కలవడానికి ఎంతసేపు? సేటు కళ్లు తుడుచుకుని పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టాడు. శేఖర్ కూర్చున్నచోటు నుంచే రెండు గడియారాలూ జరిపాడు. నమ్మకం చెక్కుచెదరలేదు.

శనివారం సాయంత్రం స్వీట్ల డబ్బా పట్టుకుని నాగోల్‌లోని ఇంటికి వెళ్లేసరికి సంధ్యారాణి ఏడుస్తోంది.

"మా మిషన్ టైం పది నిమిషాలు ముందుకు జరిపిండ్రంట. ఎన్నడు లేంది నాకు లేట్ వడ్డది," అంది. "జరిపినోని చేతులు ఇరిగిపోను. గదేంది, నీ చేతుల?"

శేఖర్ చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.