బావ స్క్రిప్టుకు రెండు కాపీలు

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది చదివి మీరూ నమ్మనక్కర్లేదు. ఆ రోజు నేను చేసిన తప్పు మాత్రం నిజం. ఆసుపత్రిలో ఉన్న మా బావకు ఫోన్లో అబద్ధం చెప్పాను.

బావ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కిడ్నీలు పాడయ్యాక పని మానేసి, పగలంతా నా నెట్ సెంటర్లో కూర్చునేవాడు. అక్కడే ప్రోగ్రాములు రాసి ఆడే ఒక ఆట ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. అందులో మనం రాసిన స్క్రిప్టులే మన తరఫున పనిచేస్తాయి. స్క్రిప్టును నడిపించే ముందు ఎన్ని కాపీలు కావాలో చెప్పాలి. ప్రతి కాపీ కొంత మెమరీ తింటుంది. మాకున్న మెమరీలో పదహారు కాపీలు పడతాయి. పదిహేను నావి, ఒకటి బావది.

నలభై ఆరేళ్ల వయసులో ఆయన రాసిన మొదటి ప్రోగ్రాం అది. ఏడు లైన్లు. ఒంగోలు ఆసుపత్రికి పోతూ, "దాన్ని ఆపొద్దురా" అన్నాడు. సరేనన్నాను.

నాలుగో రోజు పొద్దున, ఆటలో నా పని వేగంగా సాగుతుందని బావదాన్ని ఆపేసి పదహారూ నావే పెట్టుకున్నాను. పదకొండుకు ఆయన ఫోన్ చేశాడు.

"ఏంది బామ్మర్దీ, నా బిడ్డ నడుస్తాందా?"

"నడుస్తాంది బావా."

"నీ పదిహేనింటి మధ్యన ఒక్కతే ఉంది పాపం. రెండు పెట్టు."

"ఇదిగో, పెట్టినా."

పెట్టలేదు. ఆట సేవ్ చేసి, కంప్యూటర్ ఆపి, షట్టర్ దించి భోజనానికి పోయాను. మూడింటికి బావ పోయాడని అక్క ఫోన్ చేసింది.

కర్మ అయ్యాకే మళ్లీ సెంటర్ తెరిచాను. తాళంచెవి అన్ని రోజులూ నా జేబులోనే ఉంది. ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు. ఆట తెరిస్తే నా కాపీలు పద్నాలుగు, బావవి రెండు నడుస్తున్నాయి. నడిచే స్క్రిప్టుకు కాపీలు తగ్గించడం ఆ ఆటలో కుదరదు. ఎవరో ఒకరు కూర్చుని దాన్ని ఆపి, సంఖ్య మార్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఎప్పుడో సేవ్ చేసిన పాత ఆట తిరిగొచ్చిందనుకుందామంటే, బావవి రెండు ఏ రోజూ నడవలేదు. ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వెంటనే బస్సెక్కి బేస్తవారిపేట పోయాను. అక్క అక్కడ అత్తగారింట్లో ఉంది. ఆపేసిన సంగతి, ఆడిన అబద్ధం చెప్పాను.

"ఆయనకు తెలుసులే నాయనా" అంది అక్క. "ఫోన్ పెట్టేసి నవ్వినాడు. 'ఆపేసినట్టుండాడే, అబద్ధమాడితే వాని గొంతు మెత్తబడుతుంది' అన్నాడు."

"మరి రెండు పెట్టమన్నాడెందుకు?"

"రెండడిగితే సిగ్గుపడి ఒకటన్నా పెడతాడని."

ఆ ఒక్కటి కూడా పెట్టలేదక్కా అని చెప్పాను.