ఊరి పేరా, డ్యూటీ పేరా

నా చిన్నప్పుడు మా గల్లీలో చాలామంది మగవాళ్ళకు రెండేసి పేర్లుండేవి. గోదావరిఖనిలో బొగ్గుబాయి పని ఒకప్పుడు అంత సులువుగా దొరికేది కాదట. పని వచ్చినవాడు వద్దనుకుంటే వాడి కాగితాలతో ఇంకొకడు వెళ్ళి చేరేవాడు. అలా చేరినవాడు బాయిలో ఉన్నన్నాళ్ళూ ఆ పేరుకే పలకాలి. మా తాతయ్య కథా అదే. చుట్టాలెవరైనా గల్లీలోకి వచ్చి ఫలానా ఆయన ఇల్లెక్కడ అని అడిగితే, మేం పిల్లలం ముందు "ఊరి పేరా, డ్యూటీ పేరా?" అని అడిగి ఆ తర్వాత ఇల్లు చూపించేవాళ్ళం. ఇందులో వింత ఏముంది? లోకమంతా అలాగే ఉంటుందనుకునేదాన్ని.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. నాకు పదేళ్ళు. అమ్మానాన్నలు ఊళ్ళో పొలం చూసుకుంటూ బడి కోసం నన్ను తాతయ్య క్వార్టర్‌లో ఉంచారు. ఆ ఎండాకాలం తాతయ్య ఒక పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. నా ఈడుదే. నది అవతలి అడవుల్లో అప్పుడు యుద్ధం నడుస్తోంది. తుపాకులు పట్టినవాళ్ళకూ వాళ్ళను వేటాడేవాళ్ళకూ మధ్య ఊళ్ళు తగలబడుతున్నాయి. ఈ పిల్ల ఊరూ కాలిపోయింది. తల్లి లేదు. తండ్రి ఎటు పోయాడో తెలియదు. తండ్రిని బయటికి రప్పించడానికి ఆ వేటాడేవాళ్ళు పిల్ల కోసం వెతుకుతున్నారు. దొరికితే తీసుకుపోతారు. అలా తీసుకుపోయిన పిల్లలు తిరిగి రాలేదట. నది ఒడ్డునున్న మా చుట్టాలు భయపడి ఆమెను తాతయ్యకు అప్పగించారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తాతయ్య నాకు చెప్పింది ఒక్కటే.

"ఈ పొల్ల మీ పెద్దత్త బిడ్డ. ఎవరడిగినా గంతే చెప్పాలె."

చిన్నతనంలోనే పోయిన మా చిన్నత్త పేరును తాతయ్య ఆమెకు పెట్టాడు. ఆ పేరుకు పలకడం కూడా ఆయనే నేర్పాడు. ఆ విద్య ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, గడప దగ్గర చాయ్ తాగుతూ ఉన్నట్టుండి ఆ పేరుతో పిలిచేవాడు. ఆమె ఉలిక్కిపడి లేస్తే కాదనేవాడు. పిలవగానే అంత జల్దీ పలకొద్దు, సొంత పేరైతే మనిషి బద్ధకంగా పలుకుతాడు అనేవాడు. బాయిలో చేరిన కొత్తలో డ్యూటీ పేరుతో పిలిస్తే తను పలకలేదని, రెండు నెలలపాటు అందరూ చెవిటివాడనుకున్నారని చెప్పి నవ్వించేవాడు. ఆమె నవ్వేది కాదు. ఆమెది సంతలో నేర్చుకున్న తెలుగు, మా మాటలు సగమే అర్థమయ్యేవి.

మా నాయనమ్మకు ఆ పేరు నోట్లోంచి రావడానికి చాలా రోజులు పట్టింది. ఒకరోజు ఆ పిల్ల నీళ్ళబిందె దొర్లించింది. నల్లా వచ్చేదే పొద్దున ఒక గంట. నాయనమ్మ కోపంతో ఆ పేరు పెట్టి గట్టిగా కసిరింది. ఆ పిల్ల తల వంచుకుని, మూతి ముడుచుకుని, అచ్చం ఆ పేరుగల పిల్లలాగే నిలబడింది. నాయనమ్మ అక్కడే తడినేల మీద కూర్చుని ఏడ్చింది. తాతయ్య మాత్రం సంతోషపడ్డాడు. తిట్టుకు పలికితే ఆ పేరు నీదైనట్టే అన్నాడు. ఆ తర్వాత ఆమెను దగ్గరికి తీసుకుని ఒక మాట చెప్పాడు. "రోజుకొక్కసారి నీ అసలు పేరు లోపల అనుకో బిడ్డా. నేను బాయిల దిగేటప్పుడు అనుకుంట. లేకుంటే మర్శిపోతం."

పదిహేను రోజులకు ఇద్దరు మనుషులు మోటార్‌సైకిల్ మీద వచ్చారు. యూనిఫారాలు లేవు, ఎవరని అడిగే ధైర్యం గల్లీలో ఎవరికీ లేదు. ఇంటింటికీ తిరిగి కొత్తగా వచ్చిన పిల్లలెవరని అడుగుతున్నారు. మా వాకిట్లో మేమిద్దరం అష్టాచెమ్మా ఆడుతున్నాం. ఒకాయన ఆమె పేరడిగాడు. ఆమె బద్ధకంగా తలెత్తి, తాతయ్య నేర్పినట్టే చెప్పింది. ఎవరి బిడ్డవంటే అదీ చెప్పింది. వాళ్ళు వెనక్కి తిరిగారు. అంతలో రెండో ఆయన ఏమనుకున్నాడో ఆగి నన్నడిగాడు.

"ఈ పిల్ల పేరేంది?"

"ఏ పేరు సార్? ఊరి పేరా, డ్యూటీ పేరా?"

అలవాటుగా వచ్చేసిన మాట అది. అన్న తర్వాత కూడా తప్పేమిటో నాకు తెలియలేదు. పక్కనున్న పిల్ల చేతిలోంచి గవ్వలు జారిపోవడం, ఆ మనిషి నెమ్మదిగా నా ముందు గొంతుక్కూర్చోవడం చూశాక తెలిసింది. మాటను వెనక్కి తీసుకోవాలనుకున్నాను. ఏడుపు వచ్చేసింది.

నీళ్ళతొట్టి దగ్గర చేతుల బొగ్గు కడుక్కుంటున్న తాతయ్య నవ్వుతూ వచ్చాడు. "అది నా సంగతి సార్. నాకే రెండు పేర్లున్నయి. పిచ్చిపొల్ల, అందరికుంటయనుకుంటది." వాళ్ళు నమ్మనట్టు చూస్తే లోపలికి వెళ్ళి డ్యూటీ కార్డు తెచ్చి చేతికిచ్చాడు. కార్డు మీద ఉన్న పేరు తనది కాదని, తన పేరు ఫలానా అని, ఏ ఊరివాడో, ఎవరి కాగితాలతో చేరాడో అన్నీ చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా గల్లీ దాటనివ్వని మాట అది. ఒకాయన రాసుకున్నాడు. ముసలివాడి దొంగపేరు బయటపడిందన్న తృప్తితో ఇద్దరూ బండెక్కారు. ఆ పిల్ల వైపు మళ్ళీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ ఆమెను బస్సులో మంచిర్యాల తీసుకెళ్ళి ఒక హాస్టల్‌లో చేర్పించింది. వెళ్ళేటప్పుడు ఆమె నా వైపు చూడకుండానే గడప దాటింది. అదే పేరుతో పదో తరగతి పాసైందని మాత్రం తర్వాత తెలిసింది. బతికింది. అంతవరకే తెలుసు.

ఆ మనిషి రాసుకున్న కాగితం ఎన్ని చేతులు మారిందో గానీ రెండు నెలలకు తాతయ్యకు కంపెనీ నుంచి లెటరొచ్చింది. విచారణ జరిగింది, డ్యూటీ పోయింది. ఇంకో రెండేళ్ళుంటే ఆయన గౌరవంగా దిగిపోయేవాడు. ఆ తర్వాత బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలకు పైన కప్పే తాటిపత్రులు కట్టే పనిలో చేరాడు. అక్కడ తన సొంత పేరే చెప్పుకున్నాడు. కానీ ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు. అక్కడివాళ్ళూ చెవిటివాడనుకున్నారు. నన్ను ఒక్కమాట అనలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్దయ్యాక ఒక పుస్తకంలో యూదు పిల్లల గురించి చదివాను. వేరే దేశంలో, వేరే యుద్ధంలో, పరాయి ఇళ్ళలో పరాయి పేర్లతో దాక్కుని బతికిన పిల్లలు. వాళ్ళను దాచినవాళ్ళ గురించీ పట్టిచ్చినవాళ్ళ గురించీ అందులో ఉంది. నోరు జారిన నాలాంటి పిల్ల కోసం పుస్తకమంతా వెతికాను. కనిపించలేదు.

ఇప్పుడు నేను పెద్దపల్లి దగ్గర బడిపంతులమ్మను. ఇటుకబట్టీల్లో పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళ పిల్లలు మా బడిలో చేరుతుంటారు. మొన్న ఒక పిల్ల పేరడిగితే, ఒక్క క్షణం తనతో వచ్చిన వాళ్ళ అన్న ముఖంలోకి చూసి చెప్పింది. ఆ చూపు నాకు తెలుసు. అసలు పేరేంటమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చెప్పిన పేరే రిజిస్టర్‌లో రాసి, మర్నాడు ఆ పేరుతో పిలిచి, ఆమె పలికేదాకా ఆగాను.